అర చుట్టు

నా కారు కింద నేను పడుకుంటే ఊరికి ఏం నొప్పి? జగిత్యాలలో మా వీధిలో ఒకాయన రోజూ పొద్దున అరుగు మీద కూర్చొని తన మోకాళ్లకు తానే నూనె రుద్దుకుంటాడు. "డాక్టరుండగా నువ్వెందుకు రుద్దుకుంటున్నావు" అని ఆయనను ఎవరూ అడగరు. ఆయన పక్కింటి పెద్దమనిషి వణికే చేత్తోనే గడ్డం గీసుకుంటాడు. చెంప మీద గాట్లు కనిపిస్తూనే ఉంటాయి, అయినా ఆయన చేతిలోంచి కత్తి ఎవరూ లాక్కోరు. నేను బానెట్ ఎత్తితే మాత్రం ఎదురింటి కిటికీ తెరుచుకుంటుంది. "ఇంకా నువ్వే చేస్తున్నవా?" అని ఒక ప్రశ్న అందులోంచి వచ్చి పడుతుంది. ఆ "ఇంకా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను బడికి పోయింది కొన్నాళ్లే. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటాం. ఆ సాంచాల రిపేరు పనిలో చేరేనాటికి అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప నాకేమీ రాదు. సాంచె ఆగితే నేసేవాని కూలి ఆగుతుంది, వాడు మన నెత్తి మీద నిలబడి చూస్తుంటాడు, కాబట్టి పని దానంతట అదే వస్తుంది. చాలా ఏళ్ల తర్వాత పాత కారు ఒకటి కొన్నాను. ఒకప్పుడు అది ఎర్రటి కారు, ఇప్పుడు దాని రంగు ఏమిటో చెప్పడం కష్టం. దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను. బొమ్మలున్న పేజీల్లో బతికిపోయేవాణ్ణి, బొమ్మల్లేని పేజీ ఒక్కటి దాటడానికి వారం పట్టేది. ఇంగ్లీషులో ఒక మనిషిని పలకరించడం నాకు ఇప్పటికీ రాదు. గాస్కెట్ గురించి అయితే ఎంతసేపైనా మాట్లాడతాను.

ఇది పిసినారితనం అనుకునేవాళ్లున్నారు. వాళ్లకు మా నాయిన సంగతి తెలియదు. ఆయన చందుర్తి దగ్గర పల్లెలో తాటిచెట్లు గీసేవాడు. చెట్టెక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడును మోకు అంటారు. మా నాయిన తన మోకును ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పక్క చెట్టెక్కే సొంత తమ్ముడు "నేను సూసిన్నే అన్నా, మంచిగనే ఉన్నది" అన్నా సరే, మళ్లీ తాను గుంజి చూసుకున్నాకే పైకి పోయేవాడు. అందుకు తమ్ముడు నొచ్చుకునేవాడు కాదు. ఎక్కేవాడే చూసుకోవాలి, పడితే పడేది వాడే గనుక. ఆ ఇంట్లో పుట్టి, నా బ్రేకులు ఎవరో ముఖం తెలియనివాడు బిగించాడంటే నేను ఆ బండెక్కి నిశ్చింతగా ఎట్లా కూర్చుంటాను?

వయసు మీద పడితే పని ఎట్లా మారుతుందో ఎవరూ చెప్పరు. కారు కిందికి పోవడమంటే ఒకప్పుడు వంగి దూరడమే. ఇప్పుడు ముందు బంపరు మీద చెయ్యి పెట్టాలి, తర్వాత ఒక మోకాలు, ఇంకాస్త ఆగి రెండో మోకాలు, ఆ తర్వాత దేవుని పేరు. కావాల్సిన పానాలన్నీ ముందే గోనెసంచి మీద పరుచుకోవాలి. పడుకున్నాక ఒక పానా మరిచానని గుర్తొస్తే ఆ పూట పోయినట్టే. దగ్గరి చూపుకు ఒక జత కళ్లద్దాలు, దూరపు చూపుకు ఇంకొకటి. కారు కింద ఉండే ప్రతి వస్తువూ ఆ రెంటికీ అందని దూరంలోనే ఉంటుంది. చిన్న స్క్రూ వేళ్లలోంచి జారితే ఇంజను సందుల్లోకి పోతుంది. అందుకని పాత స్పీకరులోని అయస్కాంతానికి దారం కట్టి పెట్టుకున్నాను, బావిలోకి గాలం వేసినట్టు వేసి స్క్రూను పైకి తెస్తాను. ఇటువంటి ఉపాయం పడుచువాడు చేస్తే తెలివి అంటారు, నేను చేస్తే "పాపం" అంటారు.

సామాన్ల దుకాణంలో కూడా అదే తీరు. ఆ దుకాణానికి నేను ఎప్పటినుంచో పోతున్నాను. కౌంటరు వెనక మనుషులు మారుతూ వచ్చారు, నేను అన్నను, కాకను, ఇప్పుడు తాతను అయ్యాను. మొన్నామధ్య బ్రేకు ప్యాడ్లు అడిగాను.

"ఎవలు ఏస్తరు తాతా?" అన్నాడు కౌంటరులో ఉన్నతను.

"నేనే."

"మిస్త్రిని పంపియ్యరాదు? రాంగ్ తీస్కపోతే మళ్ల వాపస్ తీస్కోం."

"వాపస్ తెస్తనని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"అట్ల గాదు తాతా, నీ మంచికే చెప్తున్న."

నా మంచి కోరేవాళ్లు ఇంతమంది ఉన్నారని యాభై ఏళ్ల వయసులో నాకు తెలియదు. ప్యాడ్లు తెచ్చుకున్నాను, వేసుకున్నాను, సారంగాపూర్ దాకా పోయి వచ్చాను. బండి చెప్పినచోట ఆగింది. ఆ సంగతి దుకాణానికి పోయి చెప్పి వద్దామనుకున్నాను గానీ, నా భార్య పోనివ్వలేదు.

అయితే ఊరంతటికీ నా మీద మాట దొరికింది మాత్రం ఆయిలు మార్చిన రోజున. పాత ఆయిలు పూర్తిగా కారేదాకా ఆగాలి. బయట ఎండ, కారు కింద చల్లగా ఉంది. కళ్లు మూసుకున్నాను. ఎంతసేపు గడిచిందో, కూరగాయలామె గొంతు వీధంతా మోగింది.

"అయ్యో, ముసలాయన పాయె! కారు మీద వడ్డదుల్లా!"

నేను నోరు తెరిచేలోగా నా కాళ్లు ఎవరి చేతుల్లోనో ఉన్నాయి. గుంజారు. అంగీ చంకల దాకా పైకి పోయింది, వీపు గచ్చు మీద గీసుకుంది, ఆయిలు గిన్నె బోర్లా పడింది.

"బతికే ఉన్న! కాళ్లు ఇడువుండ్రి!" అని అరిచాను.

"మాట్లాడుతుండు! మాట్లాడుతుండు!" అని ఎవరో సంబరంగా కేక పెట్టారు. ఒక్కరు కూడా కాళ్లు వదలలేదు. నేను చేతుల మరకలు కడుక్కునేలోగా ఆ వీడియో కోరుట్లలో ఉన్న మా కూతురి ఫోనుకు చేరింది.

ఆమె మరునాడే వచ్చింది. నేను ఇంజను నడుస్తుండగా బానెట్ లోపలికి చెవి పెట్టి వింటున్నాను.

"బాపూ, ఇగ బంద్ చెయ్" అంది వెనక నుంచి.

"ఆగు బిడ్డా, ఇంకా వేడి కాలె."

"బంద్ చెయ్ అంటున్న గదా."

"ఇప్పుడు బంద్ చేస్తే మళ్ల మొదటినుంచి సూడాలె."

"బండి గాదు బాపూ. నువ్వు బంద్ చెయ్. గీ పని."

ఇంజను ఆపడానికీ, దుకాణం మూయడానికీ, ఒక మనిషి ఇన్నాళ్లూ చేసిన పనిని ఇక చాలించడానికీ మా దగ్గర ఒకటే మాట. తాళం తిప్పి ఇంజను ఆపాను. రెండో బంద్ సంగతి నేను ఎత్తలేదు, ఆమె వదలలేదు. అన్నం తినేటప్పుడు అదే, టీ తాగేటప్పుడు అదే. పానాలు ఎవరికైనా ఇచ్చేయమంది. నా పానాలు! చివరకు వెళ్లేటప్పుడు గడపలో నిలబడి, "ఇంకొక్కసారి గిట్లయితే నేనే అచ్చి తాళం చెవి తీస్కపోత" అంది. ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆ గుణం నా నుంచే వచ్చింది.

కొన్నాళ్లకు తంగళ్ళపల్లిలో నా భార్య చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకొని పిలిచింది. ముందు రోజు కోరుట్లకు పోయి కూతురింట్లో ఉండి, అక్కడి నుంచి పోదామనుకున్నాం. మా అల్లుడికి అక్కడ బట్టల దుకాణం ఉంది. మంచివాడే. ఎప్పుడూ గొంతు పెంచడు, నా బాధంతా అదే. గొంతు పెంచని మనిషితో ఎట్లా కొట్లాడాలి?

"మామా, బండి దుమ్ము వట్టింది. కడిగిపిచ్చుకొస్త" అన్నాడు. తాళం చెవి ఇచ్చాను.

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. బండి తళతళలాడుతోంది. చుట్టూ తిరిగి చూశాను. చక్రాల నట్ల అంచుల మీద కొత్త గీతలున్నాయి. గాలితో తిరిగే గన్ను పెట్టి టర్రుమని బిగిస్తే పడే గీతలు అవి. కడిగేవాడు చక్రాలెందుకు విప్పుతాడు?

"జర చెక్ చేసిండ్రు మామా, గంతే" అన్నాడు అల్లుడు.

"ఎవలు చెయ్యమన్నరు?"

అతను మా కూతురి వైపు చూశాడు. ఆమె మక్క గారెలు మాడిపోతున్నాయంటూ వంటింట్లోకి పోయింది. వెనకనుంచి పోయి అడిగాను.

"బ్రేకులు గూడ నేనే సూపెట్టమన్న బాపూ" అంది నూనె మూకుడులోకి చూస్తూ. "మంచిగనే ఉన్నయన్నరు."

"మరి మంచిగుంటయని నేను చెప్తే?"

"నువ్వు చెప్తవు."

నేను చెప్పిన మాట మాట కాదన్నమాట. ఎవడో చెబితే మాట. ఆ గారెలు గొంతు దిగలేదు. దిగలేదంటే తిన్నాను గానీ, రుచి తెలియలేదు.

మరునాడు దారి పొడుగునా నేను అదే మాట్లాడాను. నా భార్య చాలాసేపు ఊకొట్టి, "నీ కోపం సల్లగుండ, బండిని రోడ్డు మీద నడుపు, అల్లుని మీద గాదు" అంది.

చందుర్తి దాటాక వెనక చక్రం నుంచి టపటపమని చప్పుడు మొదలైంది. పంచరు. ఎండ నెత్తి మీద ఉంది, రెండు పక్కలా మక్కచేన్లు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేద్దామని పానా తగిలించాను. కదల్లేదు. రెండు చేతులతో గుంజాను, కదల్లేదు. పానా మీద కాలు పెట్టి, కారు పట్టుకొని, పైకెక్కి నిలబడ్డాను. మనిషినంతా దాని మీద ఉన్నాను. నట్టు తన చోట తాను ఉంది.

"దిగు" అంది నా భార్య. "నడుము ఇరుగుతది. అల్లునికి ఫోన్ చేస్త."

"ఫోన్ చేసినవంటే నేను గిక్కడనే కూసుంట. గన్నుతోని బిగిచ్చిండ్రు. మనిషన్నోడు ఇప్పరాకుంట బిగిచ్చిండ్రు!"

"నీ చేతనైతలేదని చెప్పరాదు."

"చేతగాక గాదు!"

ఆమె నమ్మలేదని ఆమె కొంగు సర్దుకున్న తీరులోనే తెలిసింది. నాకు ఆ నట్టు మీద ఎంత కోపం వచ్చిందో అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఈ కబురు కోరుట్లకు చేరితే, చక్రం కూడా మార్చుకోలేనివాడి చేతిలో తాళం చెవి ఉండదు.

గడ్డి లోడుతో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. నడిపే ఆయనకు నలభై ఏళ్లుంటాయి, జబ్బలు నాగలి మేళ్లలా ఉన్నాయి.

"జరుగు తాతా, నేను ఇప్పుత" అన్నాడు నవ్వుతూ.

జరిగాను. ఆయన గుంజాడు. మెడ నరాలు తేలాయి. మళ్లీ గుంజాడు. నవ్వు ఆగిపోయింది.

"గిదేందే! వెల్డింగ్ గిట్ట చేసిండ్రా?"

ఆ మాటకు నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. "ఇన్నవా?" అని నా భార్యను అడిగాను. "ఆయన నోటితోనే ఇను!" ఆమె విననట్టు చేలవైపు చూసింది.

ఆయన ట్రాక్టరు లోంచి ఒక ఇనుప పైపు తెచ్చి పానా చివరకు తొడిగాడు. పిడి పొడుగైంది. బలమంతా వేసి తొక్కితే నట్టు ఠాప్పుమని పేలినట్టు కదిలింది. మిగతావి కూడా అట్లాగే విప్పాం. అక్కడి నుంచి పని నాది. జాకీ ఎత్తాను, చక్రం తీశాను, స్టెప్నీ ఎక్కించాను, జాకీ దించాను. నట్లు బిగించాను. ఒకదాని తర్వాత దాని పక్కది కాదు, దాని ఎదుటిది. చేతిలో ఉన్న శక్తంతా పెట్టి బిగించాను.

"అయింది" అన్నాను.

ఆయన పైపు తీసుకొని పోబోయాడు. అప్పుడు నా భార్య, నా వైపు చూడకుండా, మెల్లగా అంది.

"కొడుకా, నువ్వు జర ఒక్కసారి సూడరాదు."

ఆయన నన్ను చూశాడు. నేను పక్కకు జరిగాను. ఆయన వంగి, పైపు లేకుండానే, ఉత్త పానా తగిలించి తిప్పాడు. మొదటి నట్టు తిరిగింది. అర చుట్టు తిరిగింది. రెండోది కూడా దాదాపు అంతే. మిగతావి నేను చూడలేదు.

"జర లూజుండె తాతా. ఏం గాదు" అన్నాడు. ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

ఏం కాదా? మక్కచేన్ల మధ్య చక్రం ఊడితే ఏమవుతుందో నాకు తెలుసు. నా పక్కన కూర్చునేది ఎవరో కూడా తెలుసు. అయినా నాకు అప్పుడు ఆయన మీదనే కోపం వచ్చింది, తిరిగిన నట్ల మీద వచ్చింది, తిప్పమని అడిగిన ఆమె మీద అందరికంటే ఎక్కువ వచ్చింది.

కొత్తింట్లో బంధువులందరికీ నేను గన్ను సంగతి చెప్పాను. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లకు చెప్పాను, వడ్డిస్తున్నవాళ్లను ఆపి చెప్పాను. నట్టు ఎట్లా పేలిందో చేతులతో చూపించాను. ట్రాక్టరాయన కూడా ఇప్పలేకపోయాడు అన్నచోట అందరూ తల ఊపారు. అక్కడితో ఆపేవాణ్ణి. ఆపిన ప్రతిసారీ నా కళ్లు ఆడవాళ్ల మధ్య కూర్చున్న నా భార్యను వెతికేవి. ఆమె ఆకుకు సున్నం రాస్తూనో, ఎవరి పిల్లనో ఒళ్లో వేసుకొనో ఉండేది. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

తిరుగుదారిలో కోరుట్లలో దిగీ దిగగానే అల్లుణ్ణి పిలిచాను. ఆ గన్ను ముట్టిన చక్రాలు బండికి ఇంకా మూడున్నాయి. పానా చేతికిచ్చి, "ఇప్పు" అన్నాను.

లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు. గుంజాడు, లేచి నిలబడి గుంజాడు. "వస్తలేదు మామా" అన్నాడు ఎప్పటిలాగే నెమ్మదిగా.

"నీ వయసెంత? చేతగాకపోతే నువ్వు గూడ ఇగ బంద్ చెయ్!"

కూతురు ఫక్కున నవ్వింది. ఆమె నవ్వితే సగం యుద్ధం గెలిచినట్టే. నేను అందుకున్నాను. రోడ్డు మీద విప్పరాని చక్రం చక్రమే కాదన్నాను. యంత్రానికి బలముంటుంది గానీ బుద్ధి ఉండదన్నాను. అన్నీ నిజాలే. అంతలో ఆమె నవ్వు ఆపి అడిగింది.

"మరి పంచరైన చక్రం ఎవలు బిగిచ్చిండ్రు బాపూ?"

"నేనే."

"మంచిగ బిగిచ్చినవా?"

నేను చక్రం వైపు వంగాను. ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా? నువ్వున్నవు గదా."

"నాకేం ఎరుక? నేను చెట్టు నీడకు కూసున్న" అంది నా భార్య.

అక్కడ చెట్టు లేదు. ఆ ఎండలో ఆమె నా పక్కనే నిలబడింది. అర చుట్టు తిరగడం నాకంటే బాగా చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నా కోసం అబద్ధమాడడం నేను వినలేదు, ఆ అవసరం నేను రానివ్వలేదనుకున్నాను. నిజానికి నాకు కావాల్సింది అదే, నా తాళం చెవి నాకు దక్కింది. కానీ రేపటి నుంచి నా బండి నా చేతుల మీద నడవదు, ఆమె ఆడిన మాట మీద నడుస్తుంది. ఆమె పక్క సీట్లో కూర్చున్న ప్రతిసారీ అది తెలిసే కూర్చుంటుంది.

"అర చుట్టు తక్కువ బిగిచ్చిన" అన్నాను. అరిచానేమో కూడా. "ట్రాక్టరాయన మళ్ల బిగిచ్చిండు."

కూతురి ముఖం మారింది. "బాపూ..." అంది.

"ఊకో. నాకు చెప్పెటోళ్లు శానమంది ఉన్నరు. జర నేను చెప్పేది ఇను. ఇంజన్ నాది. ఆయిల్ నాది. చక్రం ఇప్పేది నేనే, ఎక్కిచ్చేది నేనే. ఆఖరి బిగింపు మాత్రం మీ ఆయన చేస్తడు. చేత్తోని చేస్తడు. మళ్ల గన్ను ముట్టిందంటే నేను గీ గడప తొక్క."

"మరి బ్రేకులు?" అంది.

అడుగుతుందని తెలుసు. నా కూతురు కదా.

"బ్రేకులు గూడ నేనే. మీ ఆయన పక్కన కూసోని ప్రతి నట్టు బిగిస్తడు. ఆయనకు తీరకుంటే ఆ దినం బ్రేకు పని లేదు, బండి లేదు."

ఆమె అల్లుడి వైపు చూసింది. అతను, "ఆయితారం దుకాణం బందే గదా" అన్నాడు. అంతే. నేను ఇన్ని మాటలు సిద్ధం చేసుకుంటే, ఆ మనిషి ఎదురు చెప్పకుండా నన్ను మళ్లీ గెలిచాడు.

ఎదురుగా ఎవరో ఇల్లు కడుతున్న చోట పైపు ముక్క ఒకటి అడిగి తెచ్చాం. మూడు చక్రాల నట్లూ విప్పి, నేను బిగించినంత బిగించి, పానా అల్లుడికి ఇచ్చాను. బట్టల తాన్లు మడిచే చేతులు అవి. పానా తగిలించి బలంగా తిప్పాడు, అదీ విప్పే వైపుకు.

"అటు గాదు! ఇటు! ఇటు తిప్పితే బిగుస్తది, అటు తిప్పితే ఊడుతది! దుకాణానికి తాళం ఎట్ల ఏస్తున్నవయ్యా నువ్వు?"

"జర మెల్లగ చెప్పరాదు" అంది నా భార్య గడపలోంచి. "అల్లుడాయె."

"మెల్లగ చెప్తే నట్టు బిగుస్తదా?" అన్నాను. అతను తిప్పాడు. నట్టు ఇంకా తిరుగుతోంది. నేను వంగి, అది ఎక్కడ ఆగుతుందో చూస్తున్నాను.